గట్ల మధ్య కొల్లేరు

నేనుండే డుంబ్రిగుడ ప్రాంతంలో నీరు నిలవదు. చాపరాయి దగ్గర గెడ్డ బండ మీదుగా జారి, చూస్తుండగానే దిగువకు సాగిపోతుంది. అందువల్లనే కాబోలు, నిలిచిన నీటి చరిత్ర నాకెప్పుడూ ఆసక్తికరమే. ఈ టపా కొల్లేరు గురించి, అందులోని చేపల చెరువుల గురించి, వాటి నడుమ చోటు వెతుక్కున్న ఒక పక్షి గురించి.

తెగని వ్యవహారాన్ని కొల్లేటి చాంతాడు అంటాం. చెడిన బతుకును కొల్లేరయిందంటాం. రెండు మాటలూ ఆ సరస్సు చరిత్రకు సరిపోవడం విచిత్రం.

ఆ చరిత్ర చాలా దూరం వెళుతుంది. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనంలో కవి రవికీర్తి రెండవ పులకేశి విజయాలను వర్ణిస్తూ, పిష్టపురం తరువాత కునాళ జలాన్ని ప్రస్తావిస్తాడు. హతుల రక్తంతో ఆ నీరు రంగు మారిందంటాడు. ఆ కునాళమే కొల్లేరని పలువురు చరిత్రకారుల గుర్తింపు. స్థానిక ఐతిహ్యం మరొకటుంది. కొల్లేటికోటలోని గజపతుల దుర్గాన్ని నీరే కాపాడుతుండగా, ముట్టడించిన శత్రువు సరస్సును సముద్రంలోకి దింపేయడానికి కాలువ తవ్వించాడట. ఆ సందర్భంలో ఒక సేనాని కన్నకూతురినే బలి ఇచ్చాడనీ, అందువల్ల ఆ కాలువకు పేరంటాల కనుమ అనే పేరు వచ్చిందనీ చెబుతారు. కథలో నిజమెంతైనా, అందులోని ఊహ గమనించదగినది. కొల్లేటిని ఖాళీ చేయడమంటే ఆనాటి వారి దృష్టిలో యుద్ధమే.

తరువాతి కాలంలో ఆ పనికి యుద్ధం అవసరం లేకపోయింది. 1852లో ధవళేశ్వరం, 1855లో బెజవాడ ఆనకట్టలు పూర్తయ్యాయి. రెండు డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరుల నీటితో పాటు పంటకాలువల మురుగునీరూ చేరసాగింది. బయటికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. సముద్రం చేరడానికి అది సుమారు 60 కిలోమీటర్లు నడవాలి. అందుకే కొల్లేరు వానాకాలంలో ఉబ్బి, వేసవిలో కుదించుకుపోయేది. వడ్డీలు దోనెల మీద కొరమీను, జెల్ల, మట్టగిడస పట్టేవారు. నీరు తీసినచోట వరి వేసేవారు. ఒకే నేల ఆరు నెలలు చెరువు, ఆరు నెలలు చేను.

ఇక పక్షి సంగతి. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు కొల్లేటి ప్రాంతంలో గూడబాతుల పెద్ద విడిదిని కనుగొన్నారు. మూడు వేలకు చేరువగా పక్షులు అక్కడ గూళ్ళు కట్టాయి. 1975 ప్రాంతానికి ఆ విడిది అంతరించింది. ఈ సంవత్సరాన్ని గుర్తుంచుకోవాలి. ఎందుకంటే చేపల చెరువులకు ప్రభుత్వం తలుపు తీసింది ఆ మరుసటి ఏడు, 1976లో. గూడబాతును వెళ్ళగొట్టిన నేరం చెరువులదేనని మనం తేలికగా అనేస్తాం. కానీ చెరువులు పెరిగేనాటికే ఆ విడిది లేదు.

చెరువులు మొదట మత్స్యకారులకూ దళితులకూ సహకార సంఘాల ద్వారా ఇచ్చినవి. క్రమంగా అవి పెట్టుబడి గలవారికి కౌలుకు పోయాయి. గట్ల మధ్య బొచ్చె, శీలావతి పెరిగాయి. గట్టు బయట కాలువలు పూడి, గుర్రపుడెక్క అల్లుకుంది. నీళ్ళ మీద హక్కున్నవాడు గట్టు మీద కూలివాడయ్యాడు.

1999లో +5 కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు వరకు, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్సర్ జాబితాకెక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట గట్లను యంత్రాలతో తెగ్గొట్టారు. అక్రమార్కుడి చెరువుతో పాటు, జిరాయితీ పట్టా ఉన్న చిన్నరైతు బతుకూ ఆ పరిధిలో చిక్కుకుంది. పరిధిని +3కు, అంటే 135 చదరపు కిలోమీటర్లకు తగ్గించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. తెగ్గొట్టిన గట్లు చాలాచోట్ల మళ్ళీ లేచాయి.

ఇంతలో గూడబాతు తిరిగి వచ్చింది. అయితే విశాలమైన సరస్సులోకి కాదు. కైకలూరు దగ్గర ఆటపాకలో, చుట్టూ గట్లున్న ఒక చెరువులోకి. అక్కడ చెట్లు చాలక అటవీశాఖ నీటిలో ఇనుప స్టాండ్లు నిలిపితే, వాటి మీదే గూళ్ళు కట్టి పిల్లలను లేపుతోంది. ఎర్రకాళ్ళ కొంగలూ తోడయ్యాయి. కారణం ఊహించదగినదే. వేసవికి బయలు ఎండిపోతుంది, గట్ల మధ్య నీరు నిలుస్తుంది. గూటి చుట్టూ నీరుంటే నక్కా కుక్కా రావు. మేతకు చుట్టుపక్కల చేపల చెరువులు ఉండనే ఉన్నాయి.

ఇది చూసి చెరువులే మేలని వాదించేవారున్నారు. నాకు అలా తోచలేదు. ఆటపాక చెరువు ఒక పక్షికి గూడు ఇవ్వగలదు, ఏళ్ళ తరబడి పోగైన కొల్లేటి పనిని చేయలేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచిన తరువాత, ఆ నీరే దిగువకు వచ్చి కొల్లేటి లంకల చుట్టూ చేరింది. వరద ఉబ్బడానికి చోటు అడుగుతుంది. కాంటూరు ఐదా, మూడా అన్నది మనుషుల మధ్య బేరం.

చరిత్ర చదివితే నాకు అర్థమయినది ఇంతే. కొల్లేటికి ఎన్నడూ ఒకే అంచు లేదు. అంచు కదిలినంత కాలం చేపా, వరీ, పక్షీ, వడ్డీలూ ఒకే నేల మీద వంతులవారీగా బతికారు. అంచును గట్టుగా మార్చిన నాటి నుంచి ఎవరో ఒకరు బయట మిగిలిపోతూనే ఉన్నారు. ముందు మత్స్యకారుడు, తరువాత పట్టాదారు. ఈ చాంతాడు తెగాలంటే, ఏ గీత దగ్గర ఆపాలని కాక, నీటికి ఎన్ని నెలలు ఏ నేల వదలాలి, దాని కోసం పంట కోల్పోయేవాడికి ఏమివ్వాలి అని అడగాలేమో. కొల్లేటి ఒడ్డున పుట్టి పెరిగిన బ్లాగరులెవరైనా ఇది చదివితే, నేను గట్టు మీది నుంచే చూసి పొరబడిన చోట సరిదిద్దగలరు.