తండయారుపేట నుంచి కాశీకి 473 రోజులు

మా ఇల్లు ఉత్తర చెన్నైలో, తండయారుపేటలో ఉంది. పొద్దున లేస్తే హార్బరుకు పొయ్యే లారీల శబ్దం, మధ్యాహ్నం దుమ్ము. చరిత్ర పాఠంలో చదివేవన్నీ ఢిల్లీలోనో హంపీలోనో జరిగాయి గానీ మా పేటలో ఏమీ జరగలేదని నేను అనుకునేదాన్ని. పోయిన ఏడాది మా సోషల్ టీచర్ లైబ్రరీ బీరువాలోనుంచి అట్ట ఊడిపోయిన ఒక పుస్తకం తీసి, మొదటి రోజు రాసింది చదవమన్నారు. 1830 మే 18, కుజవారం రాత్రి ఒకాయన కాశీకి పోవాలని చెన్నపట్నం విడిచి తండయారువీడు చేరాడట. "అది ఏ ఊరో తెలుసా? మన పేటే" అన్నారు టీచర్. కుజవారం అంటే మంగళవారం అని కూడా నాకు అప్పుడే తెలిసింది.

ఆ పుస్తకం పేరు కాశీయాత్ర చరిత్ర. రాసినాయన ఏనుగుల వీరాస్వామి గారు. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్, అంటే దుబాసీ పని. పట్నం విడిచి మా పేట చేరానని రాశాడంటే, అప్పుడు మా పేట ఊరు కాదు, ఊరి బయట అన్నమాట. ఇప్పుడు మెట్రో రైలు వచ్చింది!

ఆయన 1831 సెప్టెంబర్ 3న తిరిగి వచ్చాడు. నేను క్యాలెండర్ లెక్క వేస్తే 473 రోజులు వచ్చాయి. మా ఇంటికి దగ్గరలోనే రాయపురం స్టేషన్ ఉంది. దక్షిణ దేశంలో మొదటి రైలు అక్కడినుంచే 1856లో బయల్దేరింది. వీరాస్వామి గారు ఇంకో 26 ఏళ్ళు ఆగి ఉంటే కొంత దూరమైనా రైల్లో పొయ్యేవారు. కానీ అప్పుడు ఈ పుస్తకం వచ్చేది కాదేమో. రైల్లో పోతే దారిలో ఇసక ఎక్కడుంది, రేగడి నేల ఎక్కడుంది, ఏ ఊళ్ళో మంచి నీళ్ళ బావి ఉంది అని ఎవరు చూస్తారు? ఆయన ఇవే రాశారు. ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, దిగడానికి చోటుందా, ఏటిని ఎట్లా దాటాలి, ఇవన్నీ. మొదట నాకు విసుగు పుట్టింది. తర్వాత అర్థమైంది, వెనకాల వచ్చే యాత్రికులకు ఇదే కదా కావాల్సింది.

తిరుపతి, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, అలహాబాదు మీదుగా కాశీ పోయి, గయ, కలకత్తా చూసుకొని, పూరీ, గంజాం, శ్రీకాకుళం, నెల్లూరు దారిలో ఇల్లు చేరారు. మ్యాపులో దారాన్ని పెట్టి చూస్తే సగం ఇండియా చుట్టూ ఒక పెద్ద వలయం. అప్పుడది ఒక దేశంలా లేదు. హైదరాబాదులో నిజాం, నాగపూరులో భోంస్లే రాజు, మిగతా చాలా చోట్ల కంపెనీ. పూరీ, గయ, అలహాబాదులో యాత్రికుల దగ్గర కంపెనీవాళ్ళే పన్ను వసూలు చేసే కాలం అది. హైదరాబాదులో జనం కత్తులూ ఆయుధాలూ పెట్టుకొని తిరగడం చూసి ఆయన భయపడ్డట్టే ఉంది. ఇంగ్లీషువాళ్ళ ఏలుబడి మేలని ఆయనకు అనిపించింది. ఆయన జీతం తీసుకునేది వాళ్ళ కోర్టులోనే కాబట్టి, ఆ మాటలు చదివేటప్పుడు కాస్త జాగ్రత్తగా ఉండాలని నా అభిప్రాయం.

ఈ పుస్తకాన్ని నేను ఒక్కదాన్నే చదవలేదు. మా అవ్వకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. కాశీకి పోవాలని ఆమెకు చాలా ఏళ్ళుగా ఉంది, మోకాళ్ళ నొప్పితో ఇప్పుడు వీధి చివరి గుడికే పోలేదు. అందుకని రాత్రి అన్నం తిన్నాక రోజుకు రెండు మూడు పేజీలు చదివి వినిపించేదాన్ని. పాత మాటలు కొన్ని నాకే తెలియవు. విచిత్రం ఏమంటే, కొన్ని అవ్వకు తెలుసు! "హాసీలంటే సుంకం కదే, అదికూడా తెలీదా నీకు" అని నవ్వింది.

ఒకరోజు అవ్వ అడిగింది, "ఆయన నడిచి పోయినాడా?"

"లేదవ్వా, పల్లకీలో. మొత్తం సుమారు వందమంది పోయారు."

"మోసినోళ్ళ పేర్లు రాసినాడా?"

వెతికాను. బోయీల గురించి ఉంది గానీ నేను చదివినంతవరకు ఒక్క బోయీ పేరూ కనపడలేదు. అవ్వ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మీ తాత కూడా హార్బరులో మూటలు మోసినోడే. ఏ పడవలో ఏం పోయిందో రాసుంటారు, మోసినోడి పేరు ఎవురు రాస్తారులే" అనింది. వీరాస్వామి గారు దేశమంతా అంత ఓపికగా చూశారు, భుజం కింద ఉన్నవాళ్ళను మాత్రం ఎందుకు పేరుతో చూడలేదు? ఆ కాలం అట్లాంటిది అంటారు. నాకు ఆ జవాబు చాలలేదు.

ఇంకో సంగతి. ఆయన దారిపొడుగునా రాసింది కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళై అనే స్నేహితుడికి పంపేవారు. వీరాస్వామి గారు 1836లో చనిపోయారు. 1838లో దాన్ని అచ్చు వేయించింది ఆ పిళ్ళై గారే. నూరేళ్ళ తర్వాత, 1941లో, దిగవల్లి వేంకట శివరావు గారు మళ్ళీ ప్రచురించారు. ఇట్లా ఎవరో ఒకరు దాచిపెట్టకపోతే మా పేట పేరు ఆ పేజీలో ఉండేదే కాదు.

మా తరగతిలో తెలుగు మీడియంలో మేము తొమ్మిదిమందిమే మిగిలాం. మా చెల్లిని నాన్న ఇంగ్లీషు మీడియంలో వేశారు. అది తెలుగు బాగా మాట్లాడుతుంది, బోర్డు మీద తెలుగు చూస్తే మాత్రం నన్ను అడుగుతుంది. వచ్చే ఏడాది పదకొండుకు నేను కూడా వేరే స్కూలుకు పోవాలి, అక్కడ తెలుగు లేదు. ఈ బీరువా తాళం అప్పుడు ఎవరు అడుగుతారో తెలీదు. అందుకే ఈ మధ్య చెల్లిని కూడా పక్కన కూర్చోబెట్టుకుంటున్నా. తిట్టుకుంటూనే వేలు పెట్టి నాలుగు వాక్యాలు చదువుతుంది. ఒత్తుల దగ్గర ఆగితే అవ్వ మాట అందిస్తుంది.

మేమింకా గయ దగ్గరే ఉన్నాం. కలకత్తా, పూరీ, గంజాం మిగిలి ఉన్నాయి. పరీక్షలు వస్తున్నాయి, పుస్తకం వచ్చే శుక్రవారం తిరిగి ఇవ్వాలి. ఇంకొక వారం గడువు ఇమ్మని టీచర్‌ను అడిగాను.