ఆరోగ్య బీమా: ప్రతి దశలో బయట మిగిలింది ఎవరు?

ఈ ప్రశ్నకు పథకాల పేర్లు వరుసగా రాసి ఆపేయకండి. ప్రతి దశలో ఎవరు బయట మిగిలారో చూడండి.

నేనుండే బిలాస్‌పూర్ రైల్వే ఊరు. ఉద్యోగి కుటుంబానికి రైల్వే ఆసుపత్రి ఉంది. స్టేషన్ బయట రిక్షా తొక్కే మనిషికి ఆ హక్కు లేదు. దేశం కథా అంతే. 1948 ఈఎస్ఐ చట్టం ఫ్యాక్టరీ కార్మికులకు, 1954 సీజీహెచ్ఎస్ కేంద్ర ఉద్యోగులకు. అసంఘటిత రంగం బయటే ఉండిపోయింది.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది. తెల్లకార్డు కుటుంబాలకు పెద్ద ఆపరేషన్లు ఉచితమయ్యాయి. కేంద్రం 2008లో ఆర్ఎస్‌బీవై కింద కుటుంబానికి ఏడాదికి రూ.30,000, 2018లో ఆయుష్మాన్ భారత్ కింద రూ.5 లక్షల రక్షణ ఇచ్చింది.

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం, మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం సొంతంగా పెట్టేది 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. ఈ తగ్గుదలంతా బీమా ఘనతే అని రాయకండి. ప్రభుత్వ ఖర్చు కూడా పెరిగింది.

పైగా ఈ పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారికే. బీపీ, షుగర్ మాత్రల ఖర్చు నెలనెలా జేబులోంచే పోతుంది. డబ్బు లేక మాత్రలు మానేస్తే, అదే రోగం రేపు పెద్ద ఆపరేషన్ అవుతుంది.

అందుకే ఆయుష్మాన్ భారత్‌లో మొదటి హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ 2018 ఏప్రిల్ 14న మా ఛత్తీస్‌గఢ్‌లోనే, బీజాపూర్ జిల్లా జాంగ్లాలో తెరిచారన్నది గుర్తుంచుకోండి. కార్డు ఆపరేషన్‌కు పనికొస్తుంది; ఆపరేషన్ దాకా పోకుండా ఆపేది ఊళ్లో దొరికే మందే.