ధర్మాసనము ఎదుట ఆగమము



గర్భాలయములో అర్చన చేయదగినవారు ఎవరు? గుడి వాకిలి ఎవరికి తెరచి యుండవలెను? మా గురువుల గురువుల కాలమున ఈ ప్రశ్నలకు సమాధానము ఆగమగ్రంథములలో వెదకెడివారు. 1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చిన పిమ్మట అవే ప్రశ్నలు సర్వోన్నత న్యాయస్థానమునకు చేరినవి. అక్కడ కూడ ఆగమములనే తెరువవలసి వచ్చినది. ఆ చరిత్రను సంగ్రహముగా మనవి చేయుచున్నాము.

రాజ్యాంగము 25వ అధికరణమున ప్రతి వ్యక్తికిని మతస్వేచ్ఛ నొసగినది. హిందూ దేవాలయములను హిందువులలో అన్ని వర్గములకును తెరచు శాసనము చేయు అధికారమును అందులోనే ప్రభుత్వమున కిచ్చినది. 26వ అధికరణము మతశాఖలకు తమ మతవిషయములను తామే నిర్వహించుకొను హక్కు నిచ్చినది. ఈ రెండింటి నడుమ హద్దు ఎక్కడ? వ్యాజ్యములన్నియు దానిని గూర్చినవే.

మొదటిది 1954 నాటి ఉడుపి శిరూరు మఠము వ్యాజ్యము. మద్రాసు ప్రభుత్వపు 1951 నాటి దేవాదాయ శాసనముపై విచారణ జరిపిన ఏడుగురు న్యాయమూర్తుల పక్షమున జస్టిస్ బి.కె. ముఖర్జియా తీర్పు వ్రాసిరి. ఒక మతములో ఏది అత్యవశ్యకమో ఆ మతసిద్ధాంతములను బట్టియే ముఖ్యముగా తెలిసికొనవలెననిరి. నిత్యము పవిత్రగ్రంథపారాయణము, అగ్నిలో ఆహుతులు మున్నగునవి ధనవ్యయముతో కూడినంత మాత్రమున లౌకికములు కావనిరి. మావంటి వేదాధ్యాయులకు ఆ మాట గొప్ప ఆలంబనము.

1958లో మూల్కి శ్రీ వేంకటరమణ దేవాలయ వ్యాజ్యము వచ్చినది. ఆలయము గౌడసారస్వత బ్రాహ్మణులది. జస్టిస్ టి.ఎల్. వేంకటరామయ్యర్ ఆగమవిషయములను పరిశీలించి, ఆలయములో ఎవరు ప్రవేశింపవలెననునది మతవిషయమే యని అంగీకరించిరి. అయినను ప్రవేశశాసనమునకే ప్రాబల్యమని తీర్పు చెప్పిరి. కొన్ని విశేషసేవలను మాత్రము ఆ శాఖవారికి విడిచిరి. వాకిలి తెరువబడినది, వేంకటరమణుని అర్చన ఆగలేదు. ఈ సంగతి మనము మరువరాదు.

1972లో తమిళనాటి శేషమ్మాళ్ వ్యాజ్యమున మరియొక గీత గీయబడినది. అర్చకుని నియమించుట లౌకికకార్యము, వంశపారంపర్యము మతాంగము కాదు. కాని విగ్రహమును స్పృశించువాడు ఆగమము అనుమతించినవాడై యుండవలెను. మన ఆంధ్రదేశమున 1987 నాటి దేవాదాయ శాసనము అర్చకుల మిరాశీ హక్కులను రద్దుచేసినది. తిరుమల అర్చకులు నారాయణ దీక్షితులు మున్నగువారు న్యాయస్థానమునకు వెళ్లిరి. 1996లో ఆ రద్దు చెల్లునని తీర్పు వచ్చినది. తండ్రివద్ద కూర్చుండి కొడుకు నేర్చుకొను విద్యకు ఆధారమైన హక్కు అట్లు పోయినది. 2007లో శాసనసభ సవరణముచే కొంత ఊరట కల్పించినది.

2018లో శబరిమల వ్యాజ్యమున, 10 నుండి 50 ఏండ్ల స్త్రీల ప్రవేశనిషేధము చెల్లదని ఐదుగురిలో నలుగురు న్యాయమూర్తులు చెప్పిరి. జస్టిస్ ఇందూ మల్హోత్రా భిన్నాభిప్రాయము వ్రాసిరి. 2019లో మూలప్రశ్నలు విస్తృత ధర్మాసనమునకు నివేదింపబడినవి. 2020లో తొమ్మండుగురి ధర్మాసనము ఆ నివేదన సరియే యని నిర్ణయించినది. 25, 26 అధికరణముల పరస్పర సంబంధ మేమి? నైతికత యనగా ఏమి? ఒక శాఖకు చెందనివాడు ఆ శాఖ ఆచారమును ప్రశ్నింపవచ్చునా? ప్రశ్నలు ఇట్టివి.

ఇక మా మాట. మేము పాఠశాలలో చదువుకొన్న దినములలో స్వరము తప్పినచో మందలింపు తప్పెడిది కాదు. "ఈ నియమము ఏ గ్రంథమున, ఏ పటలమున ఉన్నది?" అని మాత్రము ఎవ్వరును అడుగలేదు; మేమును అడుగలేదు. నేడు న్యాయస్థానము అడుగుచున్నది ఆ ప్రశ్ననే. జవాబు చెప్పవలసినది శాస్త్రము చదివినవారు. గ్రంథమున లేని వాడుకను శాస్త్రమని చెప్పినచో శాస్త్రమునకే ద్రోహము. ఉన్నదానిని భయముచే దాచినను ద్రోహమే. తీర్పు న్యాయమూర్తులది; సాక్ష్యము మనది. ఆ సాక్ష్యము సత్యముగా చెప్పగల విద్యార్థులను తయారుచేయుట పాఠశాలల బాధ్యత, వానిని పోషించుట భక్తుల బాధ్యత యని విన్నవించుచున్నాము.

స్వస్తి.