వలస బాట, వ్యాధి బాట
1956 దాకా బీదర్ జిల్లాలో ఉన్న నారాయణఖేడ్ తాలూకా రాష్ట్రాల పునర్విభజనతో మెదక్‌లో కలిసింది. కాగితం మీద గీత మారిందే గానీ మెట్ట సేద్యం మారలేదు. వానలు మొహం చాటేసిన ఏడాది ఊళ్లు వలస బాట పట్టాయి. హెచ్‌ఐవి చరిత్రను ఇలాంటి చోటు నుంచి చూస్తే, పేదరికమే దానికి మూలమన్న మాట సరిపోదనిపిస్తుంది. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వయోజనుల్లో 0.97 శాతం మందికి హెచ్‌ఐవి ఉన్నట్టు తేలింది. తీవ్రంగా దెబ్బతిన్నవాటిలో కాలువ నీళ్లు పారే గుంటూరు, గోదావరి జిల్లాలున్నాయి. ఆఫ్రికాలో వజ్రాల సంపద ఉన్న బోట్స్వానాలోనూ అంతే. డబ్బు, లారీలు, ఇల్లు విడిచిన మగవాళ్లు కలిసేచోట వైరస్‌కు దారి దొరికింది.

అయితే అభివృద్ధే దోషా అని అడగవచ్చు. కాదు. సగమే అందిన అభివృద్ధి దోషి. రోడ్డు వచ్చి ఆసుపత్రి రాకపోతే, కూలి పెరిగి భార్యకు తన ఒంటి మీద మాట చెల్లకపోతే, ప్రమాదం ఆమె గడప దాకా వస్తుంది. వ్యాధి ఎక్కడ మొదలైనా దాని ఖర్చు పేదల మీదే ఎక్కువ పడుతుంది: సంపాదించే మనిషి మంచం పడితే ముందు ఎడ్లు అమ్ముడుపోతాయి, తర్వాత పిల్లల చదువు ఆగుతుంది. 2004 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం హెచ్‌ఐవిని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టడం ఎన్నో ప్రాణాలు నిలిపిన గొప్ప నిర్ణయం. కానీ ఈ మందులు రోజూ తప్పకుండా వేసుకోవాలి. చెరకు నరకడానికి నెలలపాటు ఊరు వదిలే కూలీకి, మందు ఉచితమైనా, దాన్నిచ్చే కేంద్రం దూరమే.