మన వంశం ఎవరి నోట నిలిచింది?



కొండాపూర్, గచ్చిబౌలి చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటూ స్థిరపడిన మన రాజ్‌గోండు కుటుంబాల పిల్లలకు బడిలో తరచూ ఒక పని ఇస్తుంటారు: వంశవృక్షం గీసుకు రమ్మని. అమ్మానాన్నలు, తాతలు, నానమ్మ, అమ్మమ్మ వరకు రాశాక కాగితం ఆగిపోతుంది. ముత్తాత పేరు కావాలంటే మనలో చాలామందిమి ఊరికి ఫోన్ చేయాల్సిందే. అందుకే మాలో కొందరం సెలవు రోజుల్లో ఇంటి చరిత్ర వెతకడం ఒక అలవాటుగా పెట్టుకున్నాం. ఆ దారిలో తెలుసుకున్నవి ఈ సంచిక ద్వారా మీతో పంచుకుంటున్నాం.

వంశచరిత్ర వెతకడం ప్రపంచంలో చాలామందికి ఇష్టమైన వ్యాపకం. ఐరోపావాళ్లు చర్చి రిజిస్టర్లు తిరగేస్తారు. ఉత్తర భారతంలో చాలా కుటుంబాలవాళ్లు హరిద్వార్ వెళ్లి పండాల దగ్గరున్న బహీలు చూస్తారు. మనకు అలాంటి పుస్తకం లేదు, మనిషి ఉన్నాడు. ఆయనే పర్ధాన్. పటాడి అని కూడా పిలుస్తాం.

ఒక్కో పర్ధాన్ కుటుంబం కొన్ని గోండు కుటుంబాలకు తరతరాలుగా కట్టుబడి ఉంటుంది. ఆ కుటుంబాల మూలకథ, పెర్సాపేన్ కథ, పూర్వికుల పేర్లు కిక్రీ వాయిస్తూ చెప్పడం ఆయన బాధ్యత. పెర్సాపేన్ పూజకు ఆయన రావాలి. చావు కర్మలకూ రావాలి. అందుకు ప్రతిగా ధాన్యం, బట్టలు, కానుకలు ఇవ్వడం మన బాధ్యత. తోటి తెగవారు కూడా ఇలాగే గోండు కుటుంబాల కథలను కాపాడుతూ వచ్చారు.

పర్ధాన్ చెప్పే వంశం తండ్రి, కొడుకు, మనవడు అనే వరుసతో ఆగదు. పహండి కుపార్ లింగల్ మనల్ని నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలుగా విభజించాడని మన కథ. ఒకే సగవాళ్లు అన్నదమ్ములు, వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. ఫోన్‌లో దొరికే వంశవృక్షం యాప్‌లలో సగ రాసుకోవడానికి ప్రత్యేకంగా గడి ఉండదు. మన ఇళ్లలో మాత్రం సంబంధం మాట్లాడేటప్పుడు మొదట అడిగేది అదే. కనుక పిల్లలకు వంశం తెలియకపోతే రేపు ఎవరితో ఏ వరుసో కూడా తెలియదు.

ఈ లెక్క ఇంకా సజీవంగా ఉన్న చోటు చూడాలంటే ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతరకు వెళ్లాలి. పుష్య అమావాస్య రాత్రి మెస్రం వంశీయులు గోదావరి జలంతో పూజ చేస్తారు. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లు తెల్లచీరల్లో, ముసుగులతో వచ్చి నాగోబాకు మొక్కుతారు. పెద్దలకు వాళ్లను పరిచయం చేస్తారు. దాన్నే భేటింగ్ అంటారు. అది జరిగాకే ఆ కోడలు వంశంలో పూర్తి సభ్యురాలు. మెస్రం వారికి ఇదే రిజిస్టర్, సాక్షులు వంశమంతా.

ఇక కాగితాల సంగతి. జోడేఘాట్‌లో కుమ్రం భీం 1940లో అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం మన పరిస్థితి తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్ సేవలు వాడుకుంది. ఆయన మార్లవాయిలో ఉండి మన జీవితాన్ని చూసి రాసిన 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' 1948లో వచ్చింది. ఆయన తీసిన ఫోటోలు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి. ఆయన సిఫార్సులతో ఆ దశాబ్దంలో ఎందరో గోండులకు పట్టాలు అందాయి. చాలా ఇళ్లలో ముత్తాత పేరు కాగితం మీద కనిపించే మొదటి చోటు ఆ పట్టాయే. తర్వాత 1954-55 నాటి ఖాస్రా పహాణీ చూడాలి.

ఈ కాగితాలు చదివేవారికి రెండు మాటలు. నిజాం కాలపు కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే దాదాపుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1356 ఫసలీ నాటి గిరిజన ప్రాంతాల చట్టం అంటే 1946 నాటిది. రెండోది ఊరి పేరు. ఒకే పేరుతో చాలా ఊళ్లుంటాయి. మన కొండాపూర్ శేరిలింగంపల్లి మండలానిది, శాతవాహనుల కాలపు దిబ్బ ఉన్న కొండాపూర్ సంగారెడ్డి జిల్లాది. అందుకే ఊరి పేరు పక్కన తాలూకా, జిల్లా తప్పక రాసుకోవాలి.

కాగితం ఒక్కటే చాలదు. భీం వర్ధంతిని మనం ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు జరుపుకుంటాం. మన పెద్దలు రోజును తిథితో గుర్తుంచుకుంటారు. "మీరు ఏ సంవత్సరంలో పుట్టారు?" అని అడిగితే అవ్వ జవాబు చెప్పలేకపోవచ్చు. "భీం పోరాటం నాటికి మీ అమ్మకు పెళ్లయిందా?" అని అడిగితే చెబుతుంది. అడిగే తీరు మనం నేర్చుకోవాలి.

మన దగ్గర రాత కూడా ఉంది. నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపిలో చేతిరాత ప్రతులు బయటపడ్డాయి. వాటిని వెలుగులోకి తెచ్చిన వారిలో ఆచార్య జయధీర్ తిరుమలరావు ఒకరు. కొండాపూర్‌కు కూతవేటు దూరంలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ ఈ లిపి మీద పని జరిగింది. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే ఇక్కడి ఆఫీసుల్లో సాఫ్ట్‌వేర్ రాసే మన పిల్లలు తాతల పేర్లను ఆ లిపిలోనే టైపు చేసుకోవచ్చు.

అయితే టైపు చేయడానికి ఆ పేర్లు చెప్పేవారు మిగలాలి. గోండు కుటుంబం నగరానికి వచ్చేశాక పర్ధాన్‌ను పిలిచే సందర్భాలు తగ్గుతాయి. పిలుపు లేకపోతే కానుక లేదు, కానుక లేకపోతే ఆయన కొడుకు కిక్రీ ఎందుకు నేర్చుకుంటాడు? కేస్లాపూర్ మనకు దాదాపు 300 కిలోమీటర్ల దూరం, ఒక రాత్రి ప్రయాణం. ఆ దూరం వల్ల ఒక్క తరంలోనే ఒక వంశం కథ మాయమవుతుంది.

కాబట్టి మా మనవి ఇది. వచ్చే పండుగకు ఊరెళ్లినప్పుడు మీ పర్ధాన్ ఎవరో అడిగి తెలుసుకోండి. ఇంటికి పిలవండి. అనుమతి తీసుకుని ఆయన చెప్పింది ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ రికార్డు మీద ఆయన పేరు, ఊరు, తేదీ రాయండి. ఒక ప్రతి ఆయన ఇంటికీ ఇవ్వండి. పెద్దల కాలం నుంచి ఇస్తున్న కానుక మానకుండా ఇవ్వండి, అది దానం కాదు, బాకీ. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోవడం మాత్రం మరవకండి.

జై సేవా!