నడక వేగంలో రాజసం

మహబూబ్ పాషా సింహాసనం కారు నుంచి నేటి హైబ్రిడ్ సెడాన్ దాకా, లాల్‌దర్వాజా బాట చెప్పే కథ

చౌమహల్లా ప్యాలెస్ కార్ల ప్రదర్శనలో జనం ఎక్కువసేపు నిలబడి చూసేది ఒక పసుపు పచ్చ రోల్స్ రాయిస్‌ని. వెనక భాగంలో మామూలు సీటు ఉండదు, సింహాసనంలా ఎత్తుగా కట్టిన పీఠం ఉంటుంది. అందుకే దాన్ని సింహాసనం కారు అంటారు. 1912 నాటి ఈ సిల్వర్ ఘోస్ట్‌కు ఆరు సిలిండర్ల 7.4 లీటర్ల ఇంజిన్ ఉంది. అంత ఇంజిన్ ఉన్న బండి వందేళ్లు దాటినా తిరిగింది 400 మైళ్ల లోపే. ఆ బలం ఊళ్లు దాటడానికి కొన్నది కాదు. ఊరేగింపులో జనం చూస్తుండగా నడక వేగంతో, కుదుపు లేకుండా, చప్పుడు లేకుండా సాగడానికి కొన్నది.

అక్కడి నుంచి షాలిబండ గడియారం మీదుగా లాల్‌దర్వాజాకు నడిచి వెళ్లొచ్చు. ఆ నడకలో నా మనసులో తిరిగిన ప్రశ్న ఒకటే. ఇప్పుడు 2 కోట్ల రూపాయలకు అటూ ఇటూ పలికే హైబ్రిడ్ స్పోర్ట్స్ సెడాన్లు మన రోడ్ల మీదికి వస్తున్నాయి. పెట్రోల్ ఇంజిన్, కరెంటు మోటార్ రెండూ ఉన్న ఆ బండ్లలో నిజంగా గొప్పది ఏది, భారమైంది ఏది? దీనికి జవాబు రేస్ ట్రాక్ మీద కంటే ఈ బాటలోనే స్పష్టంగా దొరుకుతుందని నా నమ్మకం.

పేరే మిగిలిన దర్వాజా

పాత హైదరాబాద్ కోటగోడకు 13 దర్వాజాలుండేవి. వాటిలో ఇవాళ నిలిచి ఉన్నవి పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలు మాత్రమే. లాల్‌దర్వాజా కూలిపోయినా పేరు బస్తీకి మిగిలింది. ఆ పేరును ఏటా ఊరంతటికీ గుర్తుచేసేది సింహవాహిని మహంకాళి అమ్మవారి బోనాలు.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. అప్పుడు ప్రధానిగా ఉన్న మహారాజా కిషన్ పర్షాద్ సలహా మీద ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అమ్మవారికి మొక్కి, బంగారు చేటలో ముత్యాలూ పసుపు కుంకుమలూ మూసీకి సమర్పించాడని బస్తీ పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ తర్వాత మూడేళ్లకు, 1911లో, అదే మహబూబ్ పాషా ఇంగ్లండ్‌కు రోల్స్ రాయిస్ కోసం ఆర్డర్ పంపాడు. లండన్‌లోని బార్కర్ కంపెనీ దాని బాడీ కట్టింది. కారు వచ్చేదాకా ఆయన లేడు. 1911 ఆగస్టు 29న, 45 ఏళ్ల వయసులో, ఫలక్‌నుమా ప్యాలెస్‌లో కన్నుమూశాడు. ఆ కారు కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు దక్కింది.

సిల్వర్ ఘోస్ట్ అంటే వెండి దయ్యం. చప్పుడు చేయకుండా జారిపోతుందని ఆ పేరు. ఆ రోజుల్లో మోటారు బండి అంటే గుర్రాలు బెదిరేంత మోత. అలాంటి కాలంలో నిశ్శబ్దమే అన్నింటికన్నా ఖరీదైన సౌకర్యం. ఇవాళ హైబ్రిడ్ లగ్జరీ కారు అమ్మేవాళ్లు మొదట చెప్పేదీ నిశ్శబ్దం గురించే.

వియన్నాలో పుట్టిన ఆలోచన

హైబ్రిడ్ కొత్త వింత అనుకుంటే పొరపాటు. వియన్నాలో రాజాస్థానానికి గుర్రపు బగ్గీలు చేసే లోనర్ కంపెనీలో ఫెర్డినాండ్ పోర్షే అనే పాతికేళ్ల కుర్రాడు పనిచేసేవాడు. 1900 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో అతని కరెంటు బండి అందరి కళ్లలో పడింది. చక్రాల్లోనే మోటార్లు పెట్టడం అందులోని విశేషం. కానీ సీసం బ్యాటరీలు మోయలేని బరువు, పోయేదేమో కొద్ది దూరం. అందుకని పోర్షే చిన్న పెట్రోల్ ఇంజిన్లు రెండు పెట్టి, అవి కరెంటు పుట్టించేలా, ఆ కరెంటుతో చక్రాలు తిరిగేలా మరో బండి తయారు చేశాడు. లాటిన్‌లో ఎప్పుడూ సజీవం అనే అర్థంలో దానికి సెంపర్ వివుస్ అని పేరు పెట్టాడు. హైబ్రిడ్ చరిత్ర అక్కడ మొదలైంది. బరువు అనే ఫిర్యాదు కూడా ఆ బండితోనే పుట్టి, నేటికీ హైబ్రిడ్‌ను వదల్లేదు.

సింహాసనం కారు తయారైన 1912లోనే అమెరికాలో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ చేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది. అంతకుముందు పెట్రోల్ ఇంజిన్‌ను చేత్తో హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేయాలి. చెయ్యి జారితే ఎముక విరిగేది. ఆ బాధ లేకపోవడమే కరెంటు బండికి ఉన్న పెద్ద బలం. స్టార్టర్‌తో ఆ బలం పోయింది. ఫోర్డ్ మోడల్ టీ చవకదనం మిగతా పని పూర్తి చేసింది. కరెంటు, హైబ్రిడ్ రెండూ తెరమరుగయ్యాయి.

మళ్లీ తెర లేచింది 1997 డిసెంబర్‌లో, జపాన్‌లో టయోటా ప్రియస్‌తో. అది పొదుపు కోసం పుట్టిన కారు. 2006లో లెక్సస్ జీఎస్ 450హెచ్ ఆ పొదుపు యంత్రానికి కొత్త దారి చూపింది. 3.5 లీటర్ల వీ6 ఇంజిన్‌కు మోటార్ జతచేస్తే ఆ పెద్ద సెడాన్ ఆరు సెకన్లలోపే 100 కిలోమీటర్ల వేగం అందుకుంది. హైబ్రిడ్ లగ్జరీ స్పోర్ట్స్ సెడాన్ అనే జాతి అక్కడ నిలదొక్కుకుంది. బ్యాటరీ వెనక కూర్చోవడంతో డిక్కీ కుంచించుకుపోవడం కూడా ఆ జాతి లక్షణంగా మిగిలింది.

మన దేశంలో రెండు దారులు

2008లో హోండా సివిక్ హైబ్రిడ్ 21.5 లక్షల ధరతో ఇక్కడికి దిగుమతై వచ్చింది. కొనేవాళ్లు దొరక్క అదే ఏడాది ధర 8 లక్షలు తగ్గించాల్సి వచ్చింది. 2013లో టయోటా క్యామ్రీ హైబ్రిడ్‌ను కర్ణాటకలోని బిడదిలో అమర్చడం మొదలుపెట్టారు. 2017లో లెక్సస్ మన దేశానికి వచ్చింది. 2020లో ఈఎస్ 300హెచ్ తయారీ కూడా బిడదిలోనే మొదలైంది. ఈ బండ్లకు ప్లగ్ అవసరం లేదు. బ్రేక్ వేసినప్పుడు మోటారే జనరేటర్‌గా మారి, వేడిగా పోయే శక్తిని బ్యాటరీలో దాస్తుంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఇంజిన్ ఆగి మోటార్ ఒక్కటే లాగుతుంది. 2024లో వచ్చిన కొత్త క్యామ్రీకి కంపెనీ చెప్పే లెక్క లీటరుకు 25 కిలోమీటర్ల పైచిలుకు. ఇది పొదుపు దారి.

రెండోది బలం దారి. 2024 నవంబర్‌లో ఇలాంటి సెడాన్లు రెండు ఇక్కడ విడుదలయ్యాయి. మెర్సిడెస్ ఏఎంజీ సీ63 విడుదల ధర 1.95 కోట్లు. పాత సీ63లోని ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ తీసేసి, నాలుగు సిలిండర్ల 2 లీటర్ల ఇంజిన్‌కు మోటార్ జోడించారు. రెండూ కలిస్తే దాదాపు 680 హార్స్‌పవర్. బీఎమ్‌డబ్ల్యూ ఎం5 విడుదల ధర 1.99 కోట్లు. ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, మోటార్ కలిపి సుమారు 727 హార్స్‌పవర్. రెండూ మూడున్నర సెకన్ల లోపో, దానికి దగ్గరలోనో 100 కిలోమీటర్ల వేగం అందుకుంటాయి.

గల్లీలో తేలే మంచి

లాల్‌దర్వాజా గల్లీలో ఏ కొత్త బండి ఆగినా చుట్టూ చేరినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "లీటరుకు ఎంతిస్తదన్నా?" అన్నదే. మామూలు పెట్రోల్ కారు ఇక్కడ అధ్వానంగా ఇస్తుంది. ఆటో ముందు ఆగుతుంది, తోపుడు బండి అడ్డం వస్తుంది, పది గజాలకోసారి బ్రేక్. ఇంజిన్ పనిలేకుండా తిరుగుతూ పెట్రోల్ తాగుతుంది. ప్లగ్ లేని హైబ్రిడ్‌కు మాత్రం ఈ ఆగుతూ సాగే బాటే అనుకూలం. ఆగిన ప్రతిసారీ ఇంజిన్ నిద్రపోతుంది, వేసిన ప్రతి బ్రేకూ బ్యాటరీకి కొంత తిరిగిస్తుంది. అందుకే ఇలాంటి బండి మైలేజీ హైవే కంటే ఊళ్లోనే మెరుగ్గా ఉండటం సాధారణం. రెండు గోడల మధ్య పొగ నిలిచిపోయే చోట, ఇంజిన్ ఆగిన ఆ కొద్ది నిమిషాలు అరుగు మీద కూర్చున్న ముసలివాళ్ల ఊపిరికి కూడా మేలు.

మోటార్ తోపు మరో మంచి. పెట్రోల్ ఇంజిన్ తన పూర్తి శక్తికి చేరడానికి తిరుగుడు పెరగాలి. మోటార్‌కు తొలి క్షణంలోనే శక్తి ఉంటుంది. అందుకే కదలడంలో కుదుపు ఉండదు. సింహాసనం కారు పెద్ద ఇంజిన్‌తో సాధించిన మెత్తదనాన్ని ఇవాళ చిన్న మోటార్ సాధిస్తోంది.

బరువు, ప్లగ్, పన్ను

ఇక చెడు. మొదటిది బరువు. కొత్త ఎం5 బరువు 2,400 కిలోలు దాటింది. ముందు తరం కంటే దాదాపు అర టన్ను ఎక్కువ. సీ63 కూడా రెండు టన్నులు దాటింది. మోటార్ ఇచ్చే బలంలో కొంత ఆ బరువును మోయడానికే ఖర్చవుతుంది. మలుపులో తేలిగ్గా తిరగడం స్పోర్ట్స్ సెడాన్ ప్రాణం. బరువు మొదట దెబ్బతీసేది దాన్నే.

రెండోది ప్లగ్. ఎం5ను గోడకు తగిలించి ఛార్జ్ చేస్తే సుమారు 69 కిలోమీటర్లు కరెంటు మీదే వెళ్లగలదని కంపెనీ లెక్క. సీ63 బ్యాటరీ బలాన్ని పెంచడానికే తప్ప దూరానికి కాదు. కరెంటు మీద దానికి 13 కిలోమీటర్లే. లాల్‌దర్వాజా నుంచి బయలుదేరితే శంషాబాద్ విమానాశ్రయం చేరకముందే అయిపోతుంది. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, బండి వీధిలోనే నిలిపే బస్తీ. ఇక్కడ రోజూ ఛార్జింగ్ కుదిరే ఇల్లు అరుదు. ఛార్జ్ చేయని ప్లగ్-ఇన్ హైబ్రిడ్ బరువైన పెట్రోల్ కారే. 2024లో యూరోపియన్ కమిషన్ నిజమైన వాడకాన్ని లెక్కగడితే, ఇలాంటి కార్ల కాలుష్యం కాగితం మీద చెప్పినదానికి సగటున మూడున్నర రెట్లు ఉందని తేలింది.

మూడోది పన్ను. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు పెద్ద హైబ్రిడ్ కార్ల మీద సెస్‌తో కలిపి 43 శాతం పడింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతం. పూర్తి కరెంటు కారుకు 5 శాతమే. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో రోడ్ ట్యాక్స్ మినహాయింపు ఇచ్చింది కూడా పూర్తిగా బ్యాటరీ మీద నడిచే బండ్లను ఉద్దేశించే. లీటరుకు 25 కిలోమీటర్లు ఇచ్చే హైబ్రిడ్‌నూ పెట్రోల్ తాగే పెద్ద కారునూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. గల్లీలో పొగ తగ్గించే బండికి ఆ మేరకైనా పన్ను తగ్గాలి.

నాలుగోది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది, ఆ నిశ్శబ్దమే. పిల్లలు ఆడుకునేదీ ఆడవాళ్లు కూరలు బేరమాడేదీ ఇదే దారిలో. రెండు టన్నుల బండి చప్పుడు లేకుండా వెనక నుంచి వస్తే పక్కకు తప్పుకునేదెలా? చూపు లేనివాళ్ల సంగతేమిటి? యూరప్‌లో 2021 జులై నుంచి కొత్త హైబ్రిడ్, కరెంటు కార్లన్నీ నెమ్మదిగా వెళ్లేటప్పుడు హెచ్చరిక ధ్వని చేయాలన్నది చట్టం. రాజుగారి కారు ముందు దారి తప్పించడానికి మనుషులుండేవారు. మన గల్లీలో ఆ పని బండే చేయాలి.

ఘటం వెనక

ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. అక్కడా గరిష్ఠ వేగం 120. 700 హార్స్‌పవర్ అక్కడ కూడా పూర్తిగా విప్పలేం. బలం కోసమే బ్యాటరీ మోసే సెడాన్ ఈ నగరంలో చూపుకే తప్ప వాడకానికి రాదు. ఆగినప్పుడు ఆగి, కదిలినప్పుడు మెత్తగా కదిలే హైబ్రిడ్ మాత్రం ప్రతి మలుపులోనూ తన ఖరీదుకు తగిన పని చేస్తుంది. ఏది కొనమని ఎవరైనా నన్నడిగితే ఈ పొదుపు దారి బండినే చెబుతాను.

బోనాల మర్నాడు ఏనుగు మీద అమ్మవారి ఘటం సాగుతుంటే పాతబస్తీ మొత్తం దాని అడుగుకు అడుగు కలుపుతుంది. పోతరాజులు, ఫలహారం బండ్లు, తొట్టెలు, వెనక జనసముద్రం. ఎంత గొప్ప బండైనా ఆ వేళ ఏనుగు నడకకు లోబడాల్సిందే. మహబూబ్ పాషా కోరుకున్న కారు సాగాల్సింది ఆ వేగంతోనే.

కారు కొనేవాళ్లు షోరూమ్ వాళ్లను ఔటర్ రింగ్ రోడ్డుకు కాక, ఓ సాయంత్రం షాలిబండ నుంచి అలియాబాద్ దాకా తీసుకెళ్లమని అడగాలి. ఇంజిన్ ఎంతసేపు ఆగి ఉందో, పెట్రోల్ లెక్క ఎలా ఉందో, పిల్లవాడు బండి రాకను గుర్తించి పక్కకు జరిగాడో లేదో గమనించాలి. లాల్‌దర్వాజా మలుపు తిరిగేసరికి ఆ బండి ఎవరి కోసం చేసినదో తెలిసిపోతుంది.