దరువు ఎవరిది? మారియో గేము నుంచి అద్దంకి శాసనం దాకా

వీడియో గేముల్లోంచి చప్పుళ్ళు కోసుకొచ్చి డ్రమ్ అండ్ బేస్ పాటలు కట్టడం ఒక రకం పిచ్చి. పగలంతా జావా కోడు రాసి, రాత్రి పదకొండు దాటాక హెడ్‌ఫోన్లు తగిలించుకుని, మారియో గెంతిన చప్పుడుని ఎనిమిది ముక్కలు చేస్తూ కూర్చునే మనిషిని ఇంట్లోవాళ్ళు ఎలా చూస్తారో మీరు ఊహించుకోవచ్చు :-) నాకీ పిచ్చి పట్టి చాలా ఏళ్ళయింది. కానీ ఇప్పుడు చెప్పబోయేది నా పాటల గురించి కాదు. ఆ చప్పుళ్ళకి ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఉన్న ఒక లెక్క తేలని బాకీ మా అద్దంకిలో కూడా ఉంది. అదీ సంగతి.

ముందు డ్రమ్ అండ్ బేస్ అంటే ఏంటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నిమిషానికి 160 నుంచి 180 దెబ్బల వేగంతో దరువు పరిగెడుతుంటుంది. కింద బేస్ మాత్రం అందులో సగం వేగంతో తాపీగా నడుస్తుంటుంది. కాళ్ళు ఒకదాన్ని పట్టుకుంటే తల ఇంకోదాన్ని పట్టుకుంటుంది. 1990ల మొదట్లో లండన్‌లో, కరీబియన్ దీవుల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల పిల్లలూ వాళ్ళ స్నేహితులూ కలిసి, లైసెన్సు లేని రేడియోల్లో, పాత గోడౌన్లలో జరిగే పార్టీల్లో దీన్ని పెంచారు. మొదట జంగిల్ అన్నారు, తర్వాత డ్రమ్ అండ్ బేస్ అన్నారు. మనలో చాలామంది తెలియకుండానే వినేసి ఉంటారు. 2001లో వచ్చిన గ్రాండ్ తెఫ్ట్ ఆటో 3 గేములో కారెక్కి రేడియో తిప్పితే ఎమ్మెస్సెక్స్ ఎఫ్ఎం అని ఒక స్టేషన్ వస్తుంది గుర్తుందా? అందులో మోగేది ఇదే.

ఇక చరిత్ర. 1969లో అమెరికాలో ది విన్‌స్టన్స్ అనే బృందం ఒక రికార్డు వేసింది. దాని రెండో వైపు, అంటే ఎవరూ పెద్దగా పట్టించుకోని వైపు, 'ఆమెన్ బ్రదర్' అనే పాట ఉంది. మధ్యలో మిగతా వాయిద్యాలన్నీ ఆగిపోయి గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్మర్ ఒక్కడే నాలుగు బార్లు వాయిస్తాడు. ఏడు సెకన్లు, అంతే. మొదటి రెండు బార్లూ ఒకేలా ఉంటాయి. తర్వాతి రెండింట్లో స్నేర్ దెబ్బ అనుకున్న చోట పడదు, ఒక అర అడుగు ఆలస్యంగా పడుతుంది. ఆ తడబాటులోనే మజా అంతా. 1986లో డీజేల కోసం వేసిన ఒక సంకలనంలో ఈ పాట చేరాక ఆ ఏడు సెకన్లని వేలమంది కోసుకుని వాడుకున్నారు. జంగిల్ అనే సంగీతం చాలావరకు దాని మీదే కట్టిన ఇల్లు.

మరి ఇందులోకి వీడియో గేములు ఎలా వచ్చాయి? పనిముట్ల దారిలో వచ్చాయి. ఇక్కడ మన సాఫ్ట్‌వేర్‌వాళ్ళకి సరదాగా ఉంటుంది. ఆ రోజుల్లో సాంప్లర్ అంటే బంగారం. 1987లో వచ్చిన ఎస్‌పీ-1200 అనే పెట్టెలో మొత్తం పట్టేది పది సెకన్ల శబ్దమే. జనం ఏం చేశారంటే, 33 వేగంతో తిరగాల్సిన రికార్డుని 45లో తిప్పి ఎక్కించి, పెట్టెలోకి వెళ్ళాక మళ్ళీ నెమ్మది చేసుకునేవాళ్ళు. మెమరీ ఆదా! శబ్దం కాస్త గరుకుగా మారేది, ఆ గరుకే తర్వాత ఫ్యాషనైంది. అదీ కొనలేనివాళ్ళకి దొరికింది కమోడోర్ అమీగా. గేములాడుకునే కంప్యూటరు. ఒకేసారి నాలుగు 8-బిట్ శబ్దాలు పలికించగలదు. 1987లోనే కార్స్టెన్ ఒబార్‌స్కీ దానికి అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్ అనే ప్రోగ్రాము రాశాడు. గేములకి సంగీతం సమకూర్చడం కోసం రాసిన ప్రోగ్రామది. తెర మీద స్ప్రెడ్‌షీట్ లాగా 64 వరుసలు, ఏ వరుసలో ఏ శబ్దం పడాలో అంకెల్లో కొట్టడమే. 1992లో ఇంగ్లండులో బాగా ఆడిన అర్బన్ షేక్‌డౌన్ వాళ్ళ 'సమ్ జస్టిస్' ఇలా అమీగాల మీద పుట్టిందే. అంటే గేముల కోసం చేసిన పనిముట్టే జంగిల్‌కి తొలి స్టూడియో అయింది. పనిముట్టు చేతిలో ఉన్నాక గేముల శబ్దాలు పక్క ఫ్లాపీలోనే ఉన్నాయి కదా, ఊరుకుంటారా? అదే ఏడు మారియో మీదా టెట్రిస్ మీదా కట్టిన డాన్సు పాటలు రెండు బ్రిటన్‌లో మొదటి పది పాటల్లోకి ఎక్కాయి.

నిజానికి గేము చిప్పుల్లోనే డ్రమ్మూ బేసూ దాగున్నాయి. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ తీసుకోండి. నాలుగు మొద్దు స్వరాలు, గుండె కొట్టుకున్నట్టు. శత్రువులు చచ్చేకొద్దీ వేగం పెరుగుతుంది. టొమొహిరో నిషికాడో అది కావాలని మొదలుపెట్టింది కాదు. గీయాల్సిన బొమ్మలు తగ్గేసరికి ప్రాసెసర్ మీద బరువు తగ్గి ఆట వేగం పెరిగింది. బాగుందని అలాగే ఉంచేశాడు. బగ్గు ఫీచరైన కథల్లో దీన్ని మించింది నాకు తెలియదు.

తర్వాత 1983లో నింటెండో ఫ్యామికామ్. దాని సౌండు చిప్పులో ఐదు దారులు. రెండు చతురస్ర తరంగాలు, ఒక త్రిభుజ తరంగం, ఒక నాయిస్, ఒక చిన్న సాంపుల్ దారి. త్రిభుజానికి వాల్యూమ్ తగ్గించే వీలే లేదు, ఉంటే మోగుతుంది లేకపోతే లేదు. అందుకే అందరూ దాన్ని బేస్‌కి వాడారు. నాయిస్ అంటే 15 బిట్ల షిఫ్ట్ రిజిస్టరు, దాన్ని చిన్న చిన్నగా కోస్తే హైహ్యాటు, కాస్త పొడుగ్గా వదిలితే స్నేరు. త్రిభుజ తరంగాన్ని పై స్వరం నుంచి కిందకి గభాల్న జారిస్తే కిక్ డ్రమ్ము. నేను రాత్రుళ్ళు చేసేది ఇంతే. గేము నడుస్తుండగా ఒక్కో దారినీ విడిగా రికార్డు చేసుకుని, పేలుడు చప్పుడుని స్నేరుగా, గెంతు చప్పుడుని తలకిందులు చేసి, నాణెం చప్పుడుని రెండు ఆక్టేవులు కిందకి దించి, 170 వేగంతో వరుసలో పేర్చడం.

ఇక్కడో విశేషం. మనం చిన్నప్పుడు విన్న మారియో, జపాన్‌వాళ్ళు విన్న మారియో ఒకటి కాదు. మన ఊళ్ళలో అసలు నింటెండో పెట్టెలు చూసినవాళ్ళెవరు? గంటకింత అని అద్దెకిచ్చే షాపుల్లో ఉన్నవన్నీ తైవాన్, చైనా చిప్పులతో చేసిన నకళ్ళు. మన టీవీలు 50 హెర్ట్జ్, వాళ్ళవి 60. గేము సంగీతం ఫ్రేముల లెక్కన నడుస్తుంది. ఒక్కో పావు దెబ్బకి ఐదు ఫ్రేములనుకోండి. అక్కడ నిమిషానికి 3600 ఫ్రేములు, అంటే 180 దెబ్బలు. 50 హెర్ట్జ్‌లో నడిచే పెట్టెలో 3000 ఫ్రేములు, అదే పాట 150 దెబ్బలకి దిగిపోతుంది. పైగా కొన్ని నకలు చిప్పుల్లో చతురస్ర తరంగాల ఆకారాలు రెండు ఒకదానికొకటి తారుమారయ్యాయి. అందుకే వాటిలో స్వరం అదే అయినా గొంతు వేరు. అద్దంకి కుర్రాడు తన పాత పెట్టెలోంచి తీసిన సాంపుల్ అద్దంకిదే అని నేను గర్వంగా చెప్పుకుంటాను :-)

సరే, సరదా అయిపోయింది. బాకీ దగ్గరకొద్దాం.

గ్రెగరీ కోల్‌మన్ 2006లో చనిపోయాడు. అప్పటికి ఉండటానికి ఇల్లు కూడా లేదు. ఆ ఏడు సెకన్ల మీద ఎంతమందో పేరూ డబ్బూ సంపాదించారు, ఆయనకి పైసా రాలేదు. బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కి తమ పాట ఇలా వాడుతున్నారన్న సంగతే 1996లో గానీ తెలియలేదు. అప్పటికి కేసు వేసే గడువు దాటిపోయింది. 2015లో కొందరు డీజేలు పూనుకుని నెట్లో చందాలు పోగేసి 24,000 పౌండ్లు ఆయనకిచ్చారు. ఆయనా 2020లో పోయారు.

గేములవాళ్ళ కథ కొంచెం నయం, కానీ మరీ వేరు కాదు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌లో పేర్ల జాబితానే లేదు. పాటలూ చప్పుళ్ళూ చేసింది కోజి కొండో అని ఆట మొత్తం గెలిచినా తెలియదు. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2కి సంగీతంలో ఎక్కువ భాగం చేసిన యోకో షిమొమురా పేరు తెర మీద ముద్దుపేరుగానే పడింది. ఉద్యోగుల్ని పక్క కంపెనీలు ఎగరేసుకుపోతాయని అప్పట్లో జపాన్ గేము కంపెనీలు అసలు పేర్లు వేసేవి కావు. తర్వాత వాళ్ళకి గుర్తింపు వచ్చింది, సంతోషం. రానివాళ్ళెందరో.

ఇప్పుడు మా ఊరికి రండి. అద్దంకి అనగానే తెలుగు మాస్టారుకి గుర్తొచ్చేది పండరంగని శాసనం. క్రీ.శ. 848 నాటిదని చెబుతారు, నన్నయ భారతానికి దాదాపు రెండొందల ఏళ్ళ ముందుది. మనకి దొరికిన తొలి తెలుగు పద్య శాసనాల్లో దాని పేరే ముందు చెబుతారు. అందులో ఉన్న పద్యం తరువోజ. బడిలో గణాలు బట్టీ పట్టి వదిలేశాం గానీ, ప్రోగ్రామర్ కళ్ళతో ఒకసారి చూడండి. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మళ్ళీ మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. ఇదొక పాదం. ఇలాంటివి నాలుగు. ఇంద్రగణం నాలుగైదు మాత్రలు, సూర్యగణం మూడే. అంటే పొడుగు, పొడుగు, పొడుగు, పొట్టి. నాలుగో చోట దరువు చటుక్కున తెగి మళ్ళీ మొదటికొస్తుంది. ఇది లూపు కాకపోతే ఇంకేంటి? రోకళ్ళతో దంచేటప్పుడు ఆడవాళ్ళు పాడుకునే పాటల్లో ఈ నడకే ఉంటుందని ఛందస్సు తెలిసినవాళ్ళు చెబుతారు. రోలు దగ్గరి దరువుని ఎవరో తెలివైన కవి ఎత్తుకొచ్చి రాతి మీదకెక్కించాడన్నమాట. నా దృష్టిలో అది సాంప్లింగే.

ఆ రాతి మీద ఎవరి పేర్లున్నాయి? పన్నెండు బోయ కొట్టాలు జయించిన సేనాని పండరంగడి పేరుంది. బెజవాడ ఉంది, కందుకూరు ఉంది. దానమిచ్చిన భూమి ఎన్ని పుట్లో లెక్కుంది. పద్యం కట్టిన కవి పేరు లేదు. దంచిన ఆడవాళ్ళ సంగతి చెప్పే పనే లేదు. డబ్బు పెట్టినవాడు మిగిలాడు, దరువు కొట్టినవాళ్ళు జారిపోయారు. వెయ్యేళ్ళ తర్వాత విన్‌స్టన్స్‌కి జరిగింది కొత్తేమీ కాదు.

ఇది పాత కథ అనుకుంటే పొరపాటు. మా వైపు సింగరకొండ తిరునాళ్ళకి విద్యుత్ ప్రభలు కడతారు. ప్రభ కట్టించినవాళ్ళ పేర్లు లైట్లతో వెలుగుతాయి. ముందు నడుస్తూ డప్పు కొట్టేవాళ్ళ పేర్లు మైకులో కూడా వినపడవు. ఎక్కువమంది మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్ళే. పెళ్ళికీ చావుకీ వాళ్ళు లేకుండా జరగదు, శుభలేఖలో మాత్రం పేరుండదు. మిగతా రోజుల్లో మిరప కోతలకో పత్తి తీతకో వెళతారు. ఆ దరువునే ఎవరో ఫోన్లో పట్టుకుని, కింద బేస్ తగిలించి, 'మాస్ డీజే మిక్స్' అని పెడితే లక్షలమంది వింటారు. కింద డీజే పేరు ఉంటుంది, ఫోన్ నంబరుతో సహా.

నా గేము చప్పుళ్ళ పాట ఒకదానికి అసలు డప్పు కావాల్సొచ్చి, మా ఊళ్ళో ఒక పెద్దాయన్ని అడిగాను. మంట దగ్గర డప్పు కాచి, చిర్రా సిటికెన పుల్లా తీసుకుని ఇరవై నిమిషాలు వాయించారు. నాకు కావాల్సింది నాలుగు బార్లే. ఇచ్చిన డబ్బు లెక్కపెట్టుకోకుండా జేబులో పెట్టుకుని, "పాట మీద పేరేస్తావా బాబూ?" అన్నారు. "వేస్తాను తాతా" అన్నాను. "ఇంటిపేరుతో రాయి. ఉత్త పేరైతే మా పల్లెలో నలుగురున్నారు" అన్నారు.

చట్టం కూడా ఆయన వైపే ఉంది, ఆయనకి తెలియకపోవచ్చు. మన 1957 కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ, తన ప్రదర్శన తనదే అని చెప్పించుకునే హక్కుని ప్రదర్శకుడికి ఇచ్చింది. వాద్యకారుడు కూడా ప్రదర్శకుడే. కానీ హక్కు అడగాలంటే ముందు తన దరువు ఎక్కడ మోగుతోందో తెలియాలి. స్పెన్సర్‌కే పాతికేళ్ళు దాటాక తెలిసింది.

మనం ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఒకటి వాడితే లైసెన్సు ఫైలు తీసెయ్యం. రాసినవాడి పేరు కింద ఎక్కడో చిన్న అక్షరాల్లోనైనా ఉంచుతాం, ఉంచకపోతే రివ్యూలో ఎవడో ఒకడు పట్టుకుంటాడు. దరువుకి ఆపాటి మర్యాద చెయ్యడానికి ఏం కష్టం? ఎంపీ3 ఫైల్లో పేర్లు రాసుకునే చోటు ఉంది, అద్దంకి రాతి మీద కన్నా చాలా ఎక్కువే ఉంది. కాబట్టి మీలో ఎవరైనా సాంపుళ్ళతో ఆడుకునేవాళ్ళుంటే, ఇంకా ముఖ్యంగా ఊళ్ళో డప్పు, డోలు, భజన రికార్డు చేసి వాడుకునేవాళ్ళుంటే, ముందు పేరడగండి. డబ్బివ్వండి. రెండూ చెయ్యండి, ఒకటి చేసి రెండోది వదిలెయ్యకండి.

నా పాట ఫైల్లో ఇప్పుడు ఇలా ఉంది. నాణెం, గెంతు: కోజి కొండో, 1985. నాలుగో నిమిషంలో వచ్చే విరుపు: గ్రెగరీ కోల్‌మన్, 1969. డప్పు: పెద్దాయన పేరు, ఇంటిపేరుతో సహా, పల్లె పేరుతో. నా పేరు చివర్న.